నిమ్ములో రకాలు, వాటి వెనక సూక్ష్మజీవులు

న్యుమోనియా అంటే ఊపిరితిత్తుల లోపలి గాలిగదులు వాచి, గాలి ఉండవలసిన చోట నీరు, చీము, తెల్లకణాలు చేరడం. శ్రీకాకుళం జిల్లాలో దీన్ని ఎక్కువమంది ‘నిమ్ము’ అంటారు. పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రుల్లో ‘పాపకి నిమ్ము చేసింది’ అని తల్లి చెప్పినా, డయాలసిస్ మంచం మీది తండ్రికి ‘ఊపిరితిత్తుల్లో నిమ్ము పట్టింది’ అని కొడుకు చెప్పినా మాట ఒకటే. జబ్బు మాత్రం ఒకటి కాకపోవచ్చు. పాప జబ్బుకు ఒక వైరస్ కారణమైతే, తండ్రి జబ్బుకు పొలం మట్టిలోని బాక్టీరియా కారణం కావచ్చు. ఒకరికి పనిచేసిన మందు రెండోవారికి పనిచేయదు. అందువల్ల రోగి వయసు, చేసే పని, అంతకుముందే ఉన్న జబ్బులు, ఇన్ఫెక్షన్ సోకిన చోటు తెలిస్తేనే సూక్ష్మజీవి ఏదో ఊహించడం వీలవుతుంది. న్యుమోనియాను రకాలుగా విడదీయడంలోని ప్రయోజనం ఇదే.

గాలిగదుల్లో జరిగేది

పెద్దవారి ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా గాలిగదులు ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదోవంతు. వాటి గోడ ఎంత పలచన అంటే, ప్రాణవాయువు ఒక వైపు నుంచి రక్తంలోకి, బొగ్గుపులుసు వాయువు రెండో వైపు నుంచి గాలిలోకి క్షణంలో దాటిపోతాయి. రోజూ వేల లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. దానితోపాటు దుమ్ము, పొగ, సూక్ష్మజీవులూ వెళ్తాయి.

వాటిని ఆపడానికి శరీరంలో వరుస ఏర్పాట్లు ఉన్నాయి. ముక్కు వెంట్రుకలు పెద్ద రేణువుల్ని పడతాయి. శ్వాసనాళాల లోపలి జిగురు చిన్నవాటిని అంటించుకుంటుంది. ఆ నాళాల గోడల మీది సన్నని నూగు ఆ జిగురును నిరంతరం గొంతువైపు నెడుతుంది. దగ్గు మిగిలినదాన్ని బయటికి విసురుతుంది. ఇవన్నీ దాటి గాలిగదిలోకి చేరినవాటిని అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే కణాలు మింగేస్తాయి. సూక్ష్మజీవుల సంఖ్య ఎక్కువైనా, వాటి విషం బలమైనదైనా, ఈ ఏర్పాట్లలో ఒకటి దెబ్బతిన్నా గాలిగదిలో వాపు మొదలవుతుంది. రక్తనాళాల నుంచి నీరు ఊరుతుంది, తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. సూక్ష్మజీవిని చంపడానికి వచ్చిన ఈ నీరూ చీమే గాలి చేరవలసిన స్థలాన్ని ఆక్రమిస్తాయి. రోగికి ఆయాసం రావడానికి, రక్తంలో ప్రాణవాయువు పడిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఎక్స్‌రేలో కనిపించే రూపాలు

ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు తమ్మెలు, ఎడమవైపు రెండు తమ్మెలు ఉంటాయి. ఒక తమ్మె అంతా తెల్లగా కమ్ముకుపోతే దాన్ని లోబార్ న్యుమోనియా అంటారు. ఉన్నట్టుండి చలిజ్వరం, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పోటు, తుప్పురంగు కళ్లె దీని లక్షణాలు. న్యుమోకాకస్ బాక్టీరియా తరచుగా ఈ రూపంలో కనబడుతుంది. తెల్లమచ్చలు రెండువైపులా చెదురుమదురుగా, శ్వాసనాళాల చుట్టూ ఉంటే బ్రాంకోన్యుమోనియా. పసిపిల్లల్లో, ముసలివారిలో, మంచాన పడ్డవారిలో ఇది ఎక్కువ. గాలిగదుల లోపల కాక వాటి మధ్య గోడల్లో వాపు ఉంటే ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా. వైరస్‌లు, మైకోప్లాస్మా సాధారణంగా ఈ రూపంలో వస్తాయి. పొడిదగ్గు, ఒళ్లునొప్పులు ఉంటాయి, కళ్లె తక్కువ.

ఎక్స్‌రే రూపాన్ని బట్టి సూక్ష్మజీవిని ఊహించవచ్చు కానీ తేల్చి చెప్పలేము. ఒకే బాక్టీరియా వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది, వేర్వేరు సూక్ష్మజీవులు ఒకే నీడ వేస్తాయి. అందుకే వైద్యులు మరో వర్గీకరణను ఎక్కువగా వాడతారు: జబ్బు ఎక్కడ సోకింది?

ఊళ్లో సోకినది, ఆసుపత్రిలో సోకినది

ఇంట్లో, ఊళ్లో, పనిచోట సోకినది సామాజిక న్యుమోనియా. ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటాక మొదలైనది ఆసుపత్రి న్యుమోనియా. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టిన రోగికి 48 గంటల తరవాత వస్తే వెంటిలేటర్ న్యుమోనియా. మొదటిదాంట్లో న్యుమోకాకస్, వైరస్‌లు, మైకోప్లాస్మా ముందుంటాయి. చివరి రెండింటిలో క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్, మందులకు లొంగని స్టాఫిలోకాకస్ ముందుంటాయి. భారతీయ ఆసుపత్రుల్లో ఈ రెండో జాబితా సూక్ష్మజీవులు చాలా యాంటీబయాటిక్‌లను తట్టుకుంటున్నాయి.

నాలుగోది పొరపోయిన న్యుమోనియా. నోటిలోని ఆహారం, లాలాజలం, వాంతి శ్వాసనాళంలోకి జారడం వల్ల ఇది వస్తుంది. పక్షవాతంతో మింగలేనివారు, తాగి స్పృహ తప్పినవారు, మూర్ఛలు వచ్చేవారు దీనికి గురవుతారు. పళ్లచిగుళ్ల సందుల్లో గాలి లేకుండా బతికే బాక్టీరియా చేరితే ఊపిరితిత్తిలో చీముగడ్డ కట్టి, కళ్లె దుర్వాసన వేస్తుంది. నీట మునిగి బతికి బయటపడ్డ మత్స్యకారులకు ఉప్పునీటితోపాటు ఇసుక, నీటిలోని బాక్టీరియా లోపలికి వెళ్లి ఒకటి రెండు రోజుల తరవాత జ్వరం, ఆయాసం మొదలుకావచ్చు. కిరసనాయిలు తాగిన పిల్లలకు సూక్ష్మజీవి లేకుండానే ఊపిరితిత్తులు వాస్తాయి. అందుకే వారికి బలవంతంగా వాంతి చేయించకూడదు. పసిపాపల ముక్కులో, గొంతులో నూనెచుక్కలు వేసే అలవాటు వల్ల కూడా నూనె గాలిగదుల్లో పేరుకుని నిమ్ము వస్తుంది. నూనెకు దగ్గును రేపే గుణం తక్కువ. అందువల్ల అది చడీచప్పుడు లేకుండా లోపలికి జారుతుంది.

రంగులు తేల్చిన బాక్టీరియా

న్యుమోనియా బాక్టీరియాల చరిత్ర 1880ల నాటిది. 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ విడివిడిగా లాలాజలంలో జంటగా ఉండే గుండ్రటి బాక్టీరియాను చూశారు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ ఫ్రీడ్‌లాండర్ న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల్లో మరో బాక్టీరియాను గమనించాడు. అసలు కారణం ఏది అన్న వాదం కొన్నేళ్లు సాగింది. ఆ ఊపిరితిత్తుల ముక్కల్లోనే బాక్టీరియా స్పష్టంగా కనబడాలని క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఒక రంగుల పద్ధతి ప్రకటించాడు. కొన్ని ఊదారంగును పట్టి ఉంచాయి, కొన్ని వదిలేశాయి. చివరికి తేలింది ఏమంటే రెండు బాక్టీరియాలూ కారణమే. ఊదారంగు పట్టిన గుండ్రనిది న్యుమోకాకస్, రంగు వదిలేసిన కడ్డీలాంటిది క్లెబ్సియెల్లా. న్యుమోనియాకు కారణం ఒకటే కాదని తేలడానికి అది నాంది. కళ్లెకు గ్రామ్ రంగు వేసి చూడడం నేటికీ జిల్లా ఆసుపత్రి లాబొరేటరీలో చవకైన మొదటి పరీక్ష.

న్యుమోకాకస్ ప్రపంచమంతటా ఊళ్లో సోకే బాక్టీరియా న్యుమోనియాకు ప్రధాన కారణం. చాలామంది పిల్లల ముక్కులో ఇది ఏ హానీ లేకుండా నివసిస్తుంది. జలుబు, తట్టు, పోషకాహార లోపం, పొగ దాని దారిని తెరుస్తాయి. దాని చుట్టూ చక్కెరలతో చేసిన దళసరి తొడుగు ఉంటుంది. తెల్లకణాలు దాన్ని పట్టుకోలేకపోవడానికి ఈ తొడుగే కారణం. తొడుగు రసాయనాన్ని బట్టి దీన్లో 100కు పైగా రకాలు గుర్తించారు. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ తొడుగున్న చచ్చిన న్యుమోకాకస్‌ను, తొడుగు లేని బతికినదానితో కలిపి ఎలుకలకు ఇస్తే, తొడుగు గుణం బతికినదానికి వచ్చి ఎలుకలు చనిపోయాయి. ఆ గుణాన్ని మోసిన పదార్థం డీఎన్‌ఏ అని 1944లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం నిరూపించింది. అంటే వంశపారంపర్య రహస్యం బయటపడింది న్యుమోనియా పరిశోధనలోనే.

హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి పసిపిల్లల్లో న్యుమోనియాకూ మెదడుపొర వాపుకూ కారణం. పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా ఫ్లూకు ఇది కారణం కాదు. టీకా వచ్చాక దీని బెడద బాగా తగ్గింది. స్టాఫిలోకాకస్ ఆరియస్ సాధారణంగా చర్మం మీద, ముక్కులో ఉంటుంది. ఫ్లూ తరవాత, లేక రక్తంలోకి చేరి ఊపిరితిత్తులకు పాకినప్పుడు తీవ్రమైన నిమ్ము తెస్తుంది. పిల్లల ఊపిరితిత్తుల్లో బుడగలు, చీము కట్టడం దీని గుర్తు. క్లెబ్సియెల్లా మధుమేహులను, మద్యం బాగా తాగేవారిని ఎక్కువగా పడుతుంది. చిక్కటి ఎర్రని జిగురు కళ్లె, ఊపిరితిత్తిలో కుహరాలు దీని లక్షణాలు.

గోడలేని బాక్టీరియా, సుబ్బారావు మందు

పెన్సిలిన్ వచ్చాక కొన్ని న్యుమోనియాలు దానికి లొంగకపోవడం వైద్యులను తికమకపెట్టింది. జ్వరం మధ్యస్థం, దగ్గు మొండిది, రోగి తిరుగుతూనే ఉంటాడు, ఎక్స్‌రే మాత్రం రోగి కంటే చెడుగా కనబడుతుంది. దీన్ని అసాధారణ న్యుమోనియా అన్నారు. 1944లో మన్రో ఈటన్ వడపోత దాటిపోయే కారకాన్ని కనిపెట్టి, అది వైరస్ అనుకున్నాడు. 1962లో రాబర్ట్ చానక్ బృందం దాన్ని ప్రయోగశాలలో పెంచి, బాక్టీరియా అని తేల్చింది. దాని పేరు మైకోప్లాస్మా న్యుమోనియే. దీనికి కణకవచం ఉండదు. పెన్సిలిన్, అమోక్సిసిలిన్, సెఫలోస్పోరిన్‌లు కణకవచాన్ని కట్టనివ్వకుండా చంపుతాయి. కవచమే లేనిదాన్ని అవి ఏమీ చేయలేవు. హాస్టళ్లలో, కలిసి నిద్రించే కుటుంబాల్లో ఇది ఒకరి నుంచి ఒకరికి నెమ్మదిగా పాకుతుంది.

అమెరికాలో 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశం తరవాత 29 మంది సభ్యులు చనిపోయారు. ఆ మరణాలకు కారణమైన బాక్టీరియాకు లీజియోనెల్లా అని పేరు పెట్టారు. ఇది నిలవనీటి ట్యాంకుల్లో, శీతల యంత్రాల నీటిలో పెరిగి, ఆ నీటి తుంపరల ద్వారా మనిషికి చేరుతుంది. కణం లోపలే దాక్కుంటుంది గనుక దీనికీ పెన్సిలిన్ పనిచేయదు.

వీటికి పనిచేసే టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో వెలువడింది, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో. ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవి నుంచి దాన్ని వెలికితీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ కుటుంబంలోనిదే నేటి డాక్సీసైక్లిన్. పలాసలోని చిన్న మందుల దుకాణంలోనూ దొరికే ఈ మాత్ర అసాధారణ న్యుమోనియాకూ, కింద చెప్పబోయే స్క్రబ్ టైఫస్‌కూ వాడే మందు.

వైరస్‌లు

పసిపిల్లల న్యుమోనియాలో ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ముందుంటుంది. చలికాలంలో దగ్గు, పిల్లికూత, ఆయాసంతో రెండేళ్లలోపు పిల్లలు ఆసుపత్రులకు రావడానికి తరచుగా ఇదే కారణం. ఫ్లూ వైరస్, అడినోవైరస్, తట్టు వైరస్ మిగిలినవి. యాంటీబయాటిక్‌లు వైరస్‌ల మీద పనిచేయవు. అయితే వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను చెడగొట్టి బాక్టీరియాకు దారి చేస్తుంది. 1918-19 నాటి ఫ్లూలో భారతదేశంలో కోటికి పైగా చనిపోయారు. ఆ కాలం శవపరీక్షల నమూనాలను తరవాత మళ్లీ చూస్తే, చాలా మరణాల్లో ఫ్లూ మీద తోడుగా వచ్చిన బాక్టీరియా న్యుమోనియా కనబడింది.

2020లో కొత్త కరోనా వైరస్ వల్ల ఊళ్లకు ఊళ్లు న్యుమోనియాను చవిచూశాయి. శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు ఏప్రిల్ నెలాఖరులో నమోదయ్యాయి. జిల్లాలోని ఉద్దానం తీరం నుంచి చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే కుటుంబాల రాకపోకలు, ఇరుకు బోట్లలోని నివాసం సోకడానికి అనువైన పరిస్థితులే. కోవిడ్ నిమ్ములో మొదట వైరస్ గాలిగదుల గోడలను తాకుతుంది. కొందరిలో రెండో వారంలో శరీరమే అతిగా స్పందించి నష్టం పెంచుతుంది. అందుకే ఆ దశలో ప్రాణవాయువు, స్టెరాయిడ్ ముఖ్య చికిత్స. ఆసుపత్రిలో చేరేటప్పటికి తోడుగా బాక్టీరియా ఉన్నవారు కొద్దిమందే. అయినా యాంటీబయాటిక్‌లు చాలామందికి వాడడం జరిగింది, దాని ఫలితంగా మందులకు లొంగని బాక్టీరియా పెరిగే ప్రమాదం ఎక్కువైంది.

మట్టి, పొద, ఎలుక

ఉద్దానం తీరం సముద్రపు ఇసుక, జీడితోటలు, కొబ్బరితోటలు, వరిపొలాలు కలిసి ఉన్న నేల. అక్టోబరులో తుపాన్లు వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. వానల తరవాత పొలాల్లో, బురదలో, వరదనీటిలో పనిచేసేవారికి మూడు సూక్ష్మజీవుల పేర్లు తెలిసి ఉండాలి.

మొదటిది బర్ఖోల్డేరియా సూడోమాలియై. దానివల్ల వచ్చే జబ్బు మెలియాయిడోసిస్. వరిపొలాల తడిమట్టిలో, బురదనీటిలో ఇది నివసిస్తుంది. చర్మం మీది చిన్న గాయం ద్వారా, గాలిలో లేచిన తుంపరల ద్వారా, నీటి ద్వారా శరీరంలోకి చేరుతుంది. దీన్ని మొదటగా 1911లో రంగూన్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి గుర్తించారు. ఉత్తరాంధ్ర, గంజాం తీరాల కూలీలు ‘రంగం’ (రంగూన్) వెళ్లి పనిచేస్తున్న కాలం అది. భారతదేశంలో దక్షిణ తీరాలతోపాటు పొరుగు ఒడిశాలో కూడా ఈ జబ్బు నమోదవుతోంది. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, మద్యం అలవాటు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. దాదాపు సగం మంది రోగుల్లో న్యుమోనియాగానే మొదలవుతుంది. కొందరిలో నెలల తరబడి దగ్గు, జ్వరం, బరువు తగ్గడంతో క్షయలా భ్రమింపజేస్తుంది. లాబొరేటరీలో దీన్ని చూసి, ఇంకేదో సాధారణ బాక్టీరియా అని లేదా బయటి మలినమని పక్కన పెట్టేయడం జరుగుతుంది. పెన్సిలిన్, జెంటామైసిన్ దీనిమీద పనిచేయవు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ కనీసం 10-14 రోజులు సూదిద్వారా ఇచ్చి, ఆ తరవాత కోట్రిమోక్సజోల్ మాత్రలు మూడు నెలలకు పైగా వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

రెండోది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే పురుగు పిల్ల కుట్టినప్పుడు ఓరియెన్షియా అనే బాక్టీరియా రక్తంలో చేరుతుంది. కుట్టినచోట నల్లని పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు గనుక చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద వెతికితే తప్ప దొరకదు. జ్వరం మొదలయ్యాక వారం లోపు వైద్యం అందకపోతే ఊపిరితిత్తులు వాచి ఆయాసం రావచ్చు. డాక్సీసైక్లిన్‌తో సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. గర్భిణులకు ఎజిత్రోమైసిన్ ఇస్తారు.

మూడోది లెప్టోస్పిరా. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి పాదాల పగుళ్ల ద్వారా సోకుతుంది. కండరాల నొప్పి, కళ్లెర్రబడడం, పచ్చకామెర్లు దీని గుర్తులు. కొందరిలో ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, మూత్రపిండాల వైఫల్యం కలిసివస్తాయి.

నిమ్ములా నటించేవి

రెండు వారాలకు పైగా దగ్గు ఉంటే మొదట అనుమానించవలసింది క్షయ. రాబర్ట్ కాక్ 1882లో కనిపెట్టిన ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. అందువల్ల క్షయ నిమ్ము రోజుల్లో కాక వారాల్లో, నెలల్లో ముదురుతుంది. పదిరోజుల యాంటీబయాటిక్‌తో తగ్గని నిమ్ముకు కళ్లె పరీక్ష తప్పనిసరి. వైద్యులు కొన్ని మందులను, ముఖ్యంగా లీవోఫ్లోక్సాసిన్‌ను, అనవసరంగా రాయకపోవడానికి ఒక కారణం అవి క్షయను కొంతకాలం అణచి, నిర్ధారణను ఆలస్యం చేయడం.

ఫంగస్‌లలో న్యుమోసిస్టిస్ జిరోవెసి ముఖ్యమైనది. ఆరోగ్యవంతులను ఇది ఏమీ చేయదు. 1981లో లాస్‌ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు ఈ న్యుమోనియా రావడంతోనే ఎయిడ్స్ సంగతి ప్రపంచానికి తెలిసింది. మూత్రపిండం మార్పిడి చేయించుకుని, శరీరం దాన్ని తిరస్కరించకుండా మందులు వాడేవారికీ ఈ ముప్పు ఉంటుంది. దాన్ని ఆపడానికి మొదటి నెలల్లో కోట్రిమోక్సజోల్ ఇస్తారు.

శ్రీకాకుళం ఫైలేరియా ఉన్న జిల్లా. ఆ పురుగు పిల్లలు కొందరిలో ఊపిరితిత్తుల్లో చిక్కుకుని, రాత్రిపూట దగ్గు, పిల్లికూత, ఎక్స్‌రేలో చిన్నచిన్న మచ్చలు తెస్తాయి. దీన్ని ట్రాపికల్ పల్మనరీ ఇయోసినోఫీలియా అంటారు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు ఘనమిల్లీమీటరుకు 3,000 దాటడం ముఖ్యమైన ఆనవాలు. చికిత్స డైఇథైల్ కార్బమజైన్, రెండు మూడు వారాలు. ఈ మందు కూడా 1947లో లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలోనే వచ్చింది.

మూత్రపిండాలు దెబ్బతిన్నచోట

ఉద్దానంలోని సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కారణం తేలని మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఉంది. ఆంధ్ర వైద్య కళాశాల పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఉద్దానంలో పరీక్షించిన పెద్దవారిలో దాదాపు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు బయటపడింది. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇంతమంది మూత్రపిండాల రోగులున్న నేల మీద న్యుమోనియా తీరు కొంత మారుతుంది.

మొదటి మార్పు రక్షణలో. మూత్రపిండాలు వడపోయలేని మలినాలు రక్తంలో చేరినకొద్దీ తెల్లకణాలు సరిగా పనిచేయవు, టీకాలకు వచ్చే స్పందనా తగ్గుతుంది. వీరికి న్యుమోకాకస్, ఫ్లూ, క్షయ, మెలియాయిడోసిస్ తేలిగ్గా సోకి ఎక్కువగా ముదురుతాయి. డయాలసిస్ కోసం మెడలో కేథెటర్ పెట్టినవారికి స్టాఫిలోకాకస్ ఆ గొట్టం గుండా రక్తంలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. దాని బదులు చేతిలో ఫిస్టులా (రక్తనాళాల కలయిక) చేయించుకున్నవారికి ఈ ముప్పు తక్కువ.

రెండో మార్పు గుర్తింపులో. డయాలసిస్ తప్పినవారి శరీరంలో నీరు ఎక్కువై ఊపిరితిత్తులు నిండుతాయి. ఆయాసం, ఎక్స్‌రేలో తెల్లదనం నిమ్ముకూ నీటికీ రెంటికీ సమానం. జ్వరం, ఒక్కవైపు మచ్చ, చీముకళ్లె నిమ్మును సూచిస్తాయి. రెండువైపులా సమానంగా ఉన్న నీడ, కాళ్లవాపు, పెరిగిన బరువు, డయాలసిస్ తరవాత తగ్గే ఆయాసం నీటిని సూచిస్తాయి. కొన్నిసార్లు రెండూ కలిసి ఉంటాయి. న్యుమోనియా తీవ్రతను అంచనా వేసే ప్రసిద్ధ పద్ధతి కర్బ్-65 స్కోరులో అయిదు అంశాలుంటాయి: తికమక, రక్తంలో యూరియా, నిమిషానికి 30 లేదా అంతకు మించిన శ్వాస, పడిపోయిన రక్తపోటు, 65 ఏళ్లు లేదా ఆపై వయసు. వీటిలో యూరియా డెసిలీటరుకు 42 మిల్లీగ్రాములు దాటితే ఒక మార్కు. మూత్రపిండాల రోగికి నిమ్ము లేని రోజున కూడా యూరియా దాన్ని దాటి ఉంటుంది. కాబట్టి ఉద్దానం రోగులకు ఆ మార్కు అర్థం తగ్గుతుంది, మిగిలిన నాలుగింటినీ ప్రాణవాయువు శాతాన్నీ ఎక్కువగా నమ్మాలి.

మూడో మార్పు మందుల్లో. జెంటామైసిన్, అమికాసిన్ మిగిలిన కొద్దిపాటి మూత్రపిండ శక్తినీ దెబ్బతీస్తాయి. మెరోపెనెమ్, కోట్రిమోక్సజోల్ లాంటివాటి మోతాదు తగ్గించాలి. కోట్రిమోక్సజోల్ రక్తంలో పొటాషియంను పెంచుతుంది గనుక మెలియాయిడోసిస్‌లో నెలల తరబడి వాడేటప్పుడు రక్తపరీక్షలు తప్పవు. డాక్సీసైక్లిన్, ఎజిత్రోమైసిన్, సెఫ్‌ట్రియాక్సోన్ మోతాదు సాధారణంగా మార్చనక్కర్లేదు. జ్వరానికి, పక్కనొప్పికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొని మింగడం ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా ప్రమాదం.

పొగ, దుమ్ము

శ్వాసనాళాల నూగును పక్షవాతం పట్టినట్టు చేసే శక్తి పొగకు ఉంది. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలను కాల్చేటప్పుడు తొక్కలోని ఘాటైన నూనె పొగలో కలుస్తుంది. ఆవిరితో ఉడికించే యూనిట్లలో ఈ పొగ తక్కువ. కొబ్బరి మట్టలు, కట్టెలు కాల్చే వంటింటి పొగ తల్లికీ, ఆమె పక్కనున్న బిడ్డకూ కలిపి చేరుతుంది. శ్రీకాకుళం తీర గ్రామాల్లో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ప్రపంచ వైద్య సాహిత్యానికెక్కింది. దానివల్ల అంగిట్లో వచ్చే పుండ్లు, కాన్సర్ గురించే ఎక్కువ రాశారు గానీ, పొగాకు పొగ ఏ రూపంలో పోయినా న్యుమోనియా అవకాశం పెరుగుతుంది.

టెక్కలి ప్రాంతపు గ్రానైట్ క్వారీల్లో, కటింగ్ యూనిట్లలో లేచే సిలికా దుమ్ము వేరే విధంగా పనిచేస్తుంది. గాలిగదుల్లోని మాక్రోఫేజ్‌లు రాతిరేణువులను మింగి చచ్చిపోతాయి, చుట్టూ మచ్చకడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. కాపలాకణాలు తగ్గిన ఊపిరితిత్తిలో క్షయ తేలిగ్గా వస్తుంది. రాయిని నీటితో తడుపుతూ కోయడం, తగిన మాస్కు ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. మూతికి చుట్టుకునే తువ్వాలు దీనికి చాలదు.

గుర్తింపు, చికిత్స, నివారణ

అయిదేళ్లలోపు పిల్లల్లో నిమ్మును పట్టుకోవడానికి మొదట యంత్రం అక్కర్లేదు, గడియారం చాలు. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా శ్వాసలు లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు శిశువుకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వేగశ్వాస. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగకపోవడం, మగతగా ఉండడం, పెదవులు నీలమవడం ప్రమాద సూచనలు. అలాంటి బిడ్డను ఏ ఉపచారం కోసమూ ఆపకుండా ఆసుపత్రికి తరలించాలి. వేలికి తగిలించే ఆక్సీమీటర్‌లో 90 శాతం కంటే తక్కువ చూపితే ప్రాణవాయువు వెంటనే అవసరం. వాతలు పెట్టడం, ఆకు పసర్లు పోయడం గంటలను వృథా చేస్తాయి, ఒక్కోసారి కొత్త గాయం చేస్తాయి.

కేంద్రప్రభుత్వం 2019 నవంబరులో ప్రారంభించిన ‘సాన్స్’ కార్యక్రమం ఈ లెక్కనే ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు నేర్పింది. వేగశ్వాస మాత్రమే ఉన్న బిడ్డకు అమోక్సిసిలిన్, ప్రమాద సూచనలున్న బిడ్డకు మొదటి మోతాదు ఇచ్చి ఆసుపత్రికి పంపించడం దాని సారాంశం. వైరస్ నిమ్మును కంటితో వేరుచేయలేము గనుక ఊరిస్థాయిలో వేగశ్వాస కనబడితే మందు ఇవ్వడమే సురక్షితం. వయోజనులకు మాత్రం వయసు, పని, మూత్రపిండాల స్థితి చూసి, వీలైతే కళ్లె, రక్తం కల్చర్‌కు తీసిన తరవాత మందు ఎంచుకోవాలి. మొదట ఇచ్చే మందు సూక్ష్మజీవి తెలియక ముందే ఇవ్వాల్సి వస్తుంది గనుక అది సాధారణంగా వచ్చే కారణాలకు సరిపోవాలి. కల్చర్ ఫలితం వచ్చాక దాన్ని మార్చాలి.

టీకాలలో పెంటావాలెంట్ 6, 10, 14 వారాల్లో ఇస్తారు. దాన్లో హీమోఫిలస్ టైప్ బి ఉంది. న్యుమోకాకస్ కాంజుగేట్ టీకా 6, 14 వారాలు, 9 నెలలకు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2021 నుంచి ఉచితంగా అందుతోంది. తట్టు-రుబెల్లా టీకా 9 నెలలకు, మళ్లీ 16-24 నెలల మధ్య. తట్టు తరవాత వచ్చే నిమ్మును ఇది ఆపుతుంది. పుట్టిన గంటలోపు మొదలుపెట్టి ఆరు నెలల పాటు తల్లిపాలే ఇవ్వడం, వంటింట్లో గాలి వచ్చే కిటికీ, గ్యాసు, చేతులు కడగడం తోడుగా ఉండాలి. డయాలసిస్ రోగులు, మధుమేహులు, 65 దాటినవారు ఏటా ఫ్లూ టీకా, వైద్యుని సలహాతో న్యుమోకాకస్ టీకా వేయించుకోవాలి. డయాలసిస్ కేంద్రంలో దగ్గుతో వచ్చినవారిని విడిగా కూర్చోబెట్టడం, కేథెటర్ తాకేముందు చేతులు శుభ్రపరచడం, వీలైనంత త్వరగా ఫిస్టులా చేయించడం ఆసుపత్రి సూక్ష్మజీవులను దూరం ఉంచుతాయి. పొలానికి వెళ్లేవారు వానకాలంలో కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు వేసుకోవడం, గాయాలు కడిగి కప్పడం, పొదల నుంచి వచ్చాక ఒళ్లు రుద్ది స్నానం చేయడం మట్టిబాక్టీరియా, చిగ్గర్ల నుంచి కాపాడతాయి. జ్వరంతో వచ్చిన రోగి వైద్యునికి పొలం పనినీ, తన కిడ్నీ జబ్బునీ, ఇప్పటిదాకా మింగిన మాత్రలనూ చెప్పితే, సరైన సూక్ష్మజీవిని అనుమానించి సరైన మందు మొదటి రోజే ఇవ్వడం వీలవుతుంది.